పెళ్ళి జీనుగుడ్డ ఎవరిది

ధోళీ మగ్రీ,
మాఘమాసం

వియ్యంకులు పూనారాం బావగారికి లుంబారాం నమస్కారాలు.

ఇక్కడ మనుషులం అందరం బాగున్నాం. ఒంటెలే బాగా లేవు. ఎందుకు బాగా లేవో రాయిస్తున్నాను, స్థిమితంగా కూర్చుని వినండి.

పెళ్ళిలో మీ అమ్మాయికి సారెగా ఇచ్చిన ఆడ ఒంటె రూప్లీ ఉంది కదా, అది మా మందలో కలిసిన కొన్నాళ్ళకే గోకుడు మొదలుపెట్టింది. ముందు జమ్మిచెట్టుకు వీపు రుద్దింది. తరువాత మా పాక గుంజకు రుద్దింది, పాక ఒక పక్కకు ఒరిగింది. ఇప్పుడు రుద్దుకోవడానికి ఏదీ దొరక్కపోతే మా ఆవిడ వెంటపడుతోంది. బొచ్చు రాలిపోయి చర్మం ఎండిన చెరువులా బీటలు వారింది. ఇది గజ్జి బావగారూ. ఒంటెలు కాసే రైకా పుట్టుక పుట్టినవాడికి గజ్జి అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. దాన్నించి మా మందలో మరికొన్నిటికి అంటుకుంది. మేత మానేశాయి, పాలు తగ్గిపోయాయి.

మగపెళ్ళివారు ఒంటెను తోలుకుని స్వయంగా వస్తే తప్ప మనలో కోడలు పుట్టింటి గడప దాటదు. హోలీ వెళ్ళగానే మీ అమ్మాయిని తీసుకురావడానికి వద్దామనుకున్నాను. ఇప్పుడు రాను. 'గజ్జి మా మందదే, తప్పయిపోయింది' అని మీరు రాయించేదాకా కదలను. అక్షయ తృతీయ దాటితే మా సవారాం మందతో మేతకు మాళ్వా వెళ్ళిపోతాడు. వానలు వెలిసి చలి ముదిరితే గాని తిరిగి రాడు. ఆ తరువాత మీ ఇష్టం. అమ్మాయి మీద మాకేం కోపం లేదు. కోపమంతా ఒంటె మీద, దాన్ని ఇచ్చినవాళ్ళ మీద.

ఇంకో మాట. పెళ్ళి ఒంటె మీద వేసిన అద్దాల జీనుగుడ్డ గురించి మీ మనుషులు అడిగి పోయారట. అది మాది. మళ్ళీ అడిగించకండి.

లుంబారాం వేలిముద్ర

ఇక్కణ్ణించి నాన్న చెప్పినవి కావు. ధాపూ, మీ ఇంట్లో చదవడం వచ్చినదానివి నువ్వొక్కతెవేనని పెళ్ళిలో విన్నాను. మా ఇంట్లో నేనొక్కణ్ణే. మీ నాన్నకు చదివి వినిపించేటప్పుడు ఇక్కడ ఆగిపో. నాన్న చెప్పిన తిట్లలో రెండు పెద్దవి మింగేశాను. మిగిలినవి మింగుడు పడక రాశాను. నువ్వు ఎలా ఉన్నావు? పెళ్ళిలో ముసుగు వల్ల నీ కాళ్ళు మాత్రమే చూశాను. బాగున్నాయి.

సవారాం


నీమ్లీ నాడీ,
మాఘమాసం

వియ్యంకులు లుంబారాం బావగారికి పూనారాం నమస్కారాలు.

మీ ఉత్తరం విన్నాను. విన్నాక అన్నం సయించలేదు. నా మంద నిప్పులాంటి మంద. మా తాత కాలం నుంచి మా ఒంటెల మీద ఈగ వాలితే అది కాళ్ళు తుడుచుకుని వాలేది. రూప్లీని నేను నా దుప్పటి కప్పి పెంచాను. అలాంటి పిల్లను మీ చేతిలో పెడితే, మీ గజ్జి ఒంటెల మధ్య కట్టేసి, దాని ఒళ్ళు పాడుచేసి, తిరిగి నా మీదే నింద వేస్తారా?

వచ్చి కళ్ళారా చూద్దామంటే, కూతుర్ని ఇచ్చిన ఇంట మంచినీళ్ళు కూడా ముట్టకూడదాయె. అంత దూరం వచ్చి నాలుక పిడచకట్టి తిరిగి రావడానికి నాకేం పిచ్చి పట్టలేదు. కాబట్టి ఇక్కడి నుంచే చెబుతున్నాను. నా మందలో గజ్జి లేదు. ఒక్క ఒంటె కూడా గోక్కోవడం లేదు. నేను తప్పు ఒప్పుకునేది లేదు. పిల్లను ఎప్పుడు తీసుకెళతారో మీ మర్యాద.

జీనుగుడ్డ మా అమ్మ కుట్టింది. ఆమె కంటిచూపు పోయింది ఆ గుడ్డ మీదే. ప్రతి అద్దం చుట్టూ ఆమె వేలి కుట్టు ఉంది. నీ పెళ్ళికి అరువిచ్చింది గుర్తు లేదా? అరువు తీసుకున్నవాడికి మతిమరుపు వస్తుందని తెలుసు గాని, ఇంత వస్తుందని తెలియదు. పంపించెయ్యి.

పూనారాం వేలిముద్ర

ఏమండీ, ఇది నేను. భర్త పేరు నోటితో అనకూడదు కాబట్టి కలంతో కూడా రాయడం లేదు. ఉత్తరం పైనా కవరు మీదా మామగారి పేరు మాత్రం రాయక తప్పలేదు, కళ్ళు మూసుకుని రాశాను. అందుకే వంకరగా ఉంది.

మామగారికి చదివేటప్పుడు వేలిముద్ర దగ్గర ఆపేయండి, ఎందుకంటే ఇక్కడ చెప్పేది నాన్న చెప్పిన దానికి పూర్తిగా వేరు. పెళ్ళిలో నన్ను ఎక్కించుకున్న మగ ఒంటె మోతీ పందిరి గుంజలన్నిటినీ రుద్ది నున్నగా చేసింది. నాన్న దాన్ని దిబ్బ వెనక్కి తీసుకెళ్ళి, ఎవరూ చూడకుండా ఆవనూనెలో గంధకం కలిపి పూస్తున్నారు. ఆ వాసన బస్సు రోడ్డు దాకా వస్తోంది. ఇంకా చెప్పాలంటే, 'ఒక్క ఒంటె కూడా గోక్కోవడం లేదు' అని నా చేత రాయించేటప్పుడు నాన్న రెండు చేతులతో పొట్ట గోక్కుంటున్నారు.

రూప్లీకి ముందు ఎక్కడ మొదలైంది? చంకల్లోనా, మెడ కిందనా, ఇంకెక్కడైనానా? చూసి చెప్పండి. నా కాళ్ళ గురించి రాసింది చూశాను. వాటికైతే దురద లేదు.


ధోళీ మగ్రీ,
ఫాల్గుణమాసం

పూనా,

ఇక గారూ గీరూ లేదు. నీ ఉత్తరం విప్పగానే గుప్పున గంధకం వాసన కొట్టింది. కాగితాన్ని నేను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, మా ఆవిడ చూసింది, చివరికి రూప్లీ కూడా వాసన చూసి నాకబోయింది. గజ్జి లేని మందలో గంధకం ఎందుకు బావా?

చిన్నప్పుడు మనిద్దరం ఒకే దుప్పట్లో పడుకుని ఒంటెలు కాశాం. నువ్వు అబద్ధం చెబితే నాకు గుడిసె అవతలి నుంచి కూడా తెలిసేది. ఇప్పుడు ఊరవతలి నుంచి తెలుస్తోంది. తప్పు ఒప్పుకో, హోలీకి వచ్చి పిల్లను తీసుకెళతాను. లేదంటే లేదు.

జీనుగుడ్డ సంగతి. కుట్టింది మీ అమ్మే కావచ్చు. దాచింది ఎవరు? ప్రతి పెళ్ళికీ మోసింది ఎవరు? ఎలుకలు కొట్టకుండా కావలి కాసింది ఎవరు? ఇన్నేళ్ళు దాచినవాడిదే గుడ్డ. నేను బతికుండగా అది మా గడప దాటదు.

లుంబారాం వేలిముద్ర

ధాపూ, నువ్వడిగింది చూశాను. గజ్జి మామూలుగా చంకల్లో, తొడల సందుల్లో, మూతి మీద మొదలవుతుంది. రూప్లీకి అలా కాదు. మూపురానికి రెండు పక్కలా, సరిగ్గా జీనుగుడ్డ పరిచినంత మేర. అంచులతో సహా గీత గీసినట్టుంది. పెళ్ళి నుంచి వస్తూ దారి పొడవునా దాని మీద ఆ గుడ్డే వేసి తీసుకొచ్చాం.

మా నాన్న కూడా గోక్కుంటున్నాడు. చెమటకాయ అంటాడు. ఈ చలిలో చెమటకాయ ఏమిటని అమ్మ అడిగితే కోపం వల్ల వచ్చిన వేడి అన్నాడు. అసలు సంగతి ఏమిటంటే, ఎలుకల నుంచి కాపాడుతున్నానని ఆ గుడ్డను రోజూ కప్పుకుని పడుకుంటున్నాడు.

నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. చదివిన తరువాత కూడా చూస్తూ కూర్చుంటున్నాను.


నీమ్లీ నాడీ,
ఫాల్గుణమాసం

లుంబా,

గంధకం మా ఆవిడ ఒంటికి. ఆడవాళ్ళ విషయం, ఇంతకన్నా రాయించలేను. ఇంటి ఆడవాళ్ళ మందుల వాసన పట్టి పీల్చేవాడివని తెలిస్తే ఉత్తరాన్ని ఎండలో ఆరబెట్టి పంపేవాణ్ణి.

ఒకే దుప్పట్లో పడుకున్నాం, నిజమే. దుప్పటి ఎప్పుడూ నీ వైపుకే లాక్కునేవాడివి, అది కూడా నిజమే. ఆ బుద్ధి ఇంకా పోలేదు, అందుకే మా అమ్మ గుడ్డ కూడా లాక్కున్నావు. నా మంద శుభ్రం. నేను ఒప్పుకోను. ఒప్పుకోను అని రెండుసార్లు రాయి ధాపూ.

గజ్జి నీ మందదీ కాదు, నా మందదీ కాదు. జీనుగుడ్డది. నమ్మకం లేకపోతే దాన్ని నల్లటి బండ మీద పరిచి, కర్రతో బాది, ఏం రాలుతుందో చూడు.

పూనారాం వేలిముద్ర

ఏమండీ, ముందుగా ఒక సంగతి. పై ఉత్తరంలో ఆఖరి మాటలు, 'జీనుగుడ్డది' అన్నవి, నాన్న చెప్పలేదు. నేను చేర్చాను. మామగారికి అవి గట్టిగా చదివి వినిపించండి.

ఎలా తెలిసిందో చెబుతాను. తప్పిపోయిన ఒంటెను మనవాళ్ళు ఎలా వెతుకుతారు? ఆఖరి అడుగు దగ్గర నుంచి వెనక్కి నడుస్తారు. నేనూ అలాగే నడిచాను. మన పెళ్ళికి ముందు ఆ గుడ్డ ఎక్కడుంది? కుండ్లా ఊరివాళ్ళ పెళ్ళిలో. ఆ ఏడాది వాళ్ళ మందంతా బొచ్చు ఊడి ఉందని పెళ్ళికొచ్చిన ఆడవాళ్ళు చెప్పుకున్నారు. అక్కణ్ణించి సరాసరి మీ ఇంటికి, మీ ఇంటి నుంచి ఊరేగింపుతో మా ఇంటికి వచ్చింది. ఇక్కడ మోతీ మీద వేశారు, నేనెక్కాను. పెళ్ళి రోజుల్లో మీవాళ్ళు ఎత్తుకుపోతారేమోనని నాన్న దాన్ని కింద పరుచుకుని పడుకున్నారు. తరువాత రూప్లీ మీద వేసి మీరు తీసుకెళ్ళారు. గుడ్డ ఎక్కిన ప్రతి వీపూ గోక్కుంటోంది. గుడ్డ కింద ఉన్నవాళ్ళూ, మీద ఉన్నవాళ్ళూ గోక్కుంటున్నారు. నేను మందమైన ఘాగ్రా కట్టుకుని కూర్చున్నాను కాబట్టి బతికిపోయాను.

ఉతికితే పెళ్ళి కళ పోతుందని దాన్ని పుట్టినప్పటి నుంచి ఎవరూ తడపలేదు. అందరి పెళ్ళిళ్ళ కళతో పాటు అందరి ఒంటెల గజ్జీ అందులోనే ఉంది. కాని ఆ మాట నేను నాన్నతో అనలేను. ఆ గుడ్డంటే ఆయనకు వాళ్ళమ్మే. అందుకే మీరు కూడా మామగారు చెప్పినట్టుగా ఇదే మాట అటు నుంచి రాయండి. ఎవరికి వాళ్ళు అవతలివాడు కనిపెట్టాడనుకుంటే వింటారు.

గంధకం సంగతి రాయిస్తుంటే అమ్మ వింది. నాన్నకు ఇవాళ రొట్టె లేదు. సజ్జ జావ కూడా నేనే దొంగతనంగా పోశాను.


ధోళీ మగ్రీ,
ఫాల్గుణమాసం, హోలీ వెళ్ళాక

పూనారాం బావగారికి,

మీరు రాయించినట్టే గుడ్డను బండ మీద వేసి బాదాను. బాదాక ఊరంతా వచ్చి చూసింది. అందులోంచి రాలిన బొచ్చూ పొట్టూ పోగేస్తే పిల్ల ఒంటె ఒకటి తయారవుతుంది. ఎర్ర బొచ్చు, నల్ల బొచ్చు, బూడిద బొచ్చు, ఈ చుట్టుపక్కల పెళ్ళాడిన ఒంటెలన్నీ అక్కడే ఉన్నాయి. నలభై ఏళ్ళ గజ్జి బావగారూ. మీరు కనిపెట్టారు, ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు న్యాయం మాట్లాడుకుందాం. ఆ గుడ్డ కుట్టింది ఎవరు? మీ అమ్మగారు. నేను ఎప్పుడైనా కాదన్నానా? అరువిచ్చింది ఎవరు? మీరు. అరువు వస్తువు ఎన్నేళ్ళు దాచినా అరువు వస్తువే. కాబట్టి గుడ్డ మీది, గజ్జీ మీదే. రెంటినీ మూటగట్టి ఇవాళ్టి బస్సు మీద వేసి పంపుతున్నాను. గజ్జి మీదేనని ఒక్క ముక్క రాయించండి, వెంటనే ఒంటెను తోలుకుని వస్తాను.

లుంబారాం వేలిముద్ర

ధాపూ, నువ్వు చెప్పినట్టే చదివాను. నాన్న మొదట నమ్మలేదు. తరువాత గుడ్డ బాదేటప్పుడు చూశాను, ఒక్కో దెబ్బకూ ఆయన మొహం తెల్లబోయింది. అది కప్పుకుని పడుకున్నది గుర్తుకొచ్చి ఉంటుంది. ఆ సాయంత్రమే అమ్మ ఆయన చేత బట్టలన్నీ విప్పించి, ఒంటెల నూనె ఒంటినిండా పూసి, రూప్లీ పక్కన కూర్చోబెట్టింది. ఇద్దరూ ఒకేసారి గోక్కుంటూ నా వైపు చూశారు. నవ్వు ఆపుకోలేక పొదల్లోకి పారిపోయాను.

హోలీ వెళ్ళిపోయింది. నువ్వు రాలేదు. అందరూ రంగులు చల్లుకుంటుంటే నేను ఒంటె బొచ్చు కత్తిరిస్తూ కూర్చున్నాను.


నీమ్లీ నాడీ,
చైత్రమాసం

లుంబారాం బావగారికి,

గుడ్డ అందింది. దాన్ని తెచ్చిన కండక్టరు టికెట్లు ఇస్తూ వీపు సీటుకు రుద్దుకుంటున్నాడని మా ఊరివాళ్ళు చెప్పారు. మీ పుణ్యమే.

గజ్జి జీనుగుడ్డదని ఎట్టకేలకు మీరే కనిపెట్టినందుకు సంతోషం. మా ధాపూ చదివి వినిపించింది. మీకు ఈ మాత్రం తెలివి ఉందని నేను చిన్నప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాను.

అయితే ఒక్క మాట. మా అమ్మ ఆ గుడ్డను మీ పెళ్ళికి అరువివ్వలేదు. కానుకగా ఇచ్చింది. అరువని నేను పొరపాటున అన్నాను. ఇచ్చిన కానుకను వెనక్కి తీసుకుంటే మా అమ్మ ఆత్మ క్షోభిస్తుంది. మీరే అన్నారు కదా, ఇన్నేళ్ళు దాచినవాడిదే గుడ్డ అని. దాచింది మీరు, మోసింది మీరు, ఎలుకల నుంచి కాపాడింది మీరు. అది ముమ్మాటికీ మీది. అదే బస్సు మీద తిప్పి పంపుతున్నాను. గజ్జి మాది అని నేను చస్తే రాయించను.

పూనారాం వేలిముద్ర

ఏమండీ, తెలివి ఎక్కువై చేసిన పని నా మెడకే చుట్టుకుంది. నిన్నటిదాకా గుడ్డ నాదంటే నాదని కొట్టుకున్నారు, ఇప్పుడు నీదంటే నీదని కొట్టుకుంటున్నారు. మధ్యలో నేను ఇక్కడే ఉండిపోయాను. నా ఈడువాళ్ళందరూ అత్తారిళ్ళకు వెళ్ళిపోయారు. బావి దగ్గర అమ్మలక్కలు 'ఇంకా ఇక్కడే ఉన్నావా పిల్లా' అంటున్నారు. నవ్వేసి వస్తాను గాని, కుండ దింపాక ఏడుపొస్తోంది.


ధోళీ మగ్రీ,
చైత్రమాసం

పూనా,

నీ గుడ్డ. మళ్ళీ పంపుతున్నాను. కండక్టరు లోపలికి ఎక్కించనంటే బస్సు పైన తాళ్ళతో కట్టించాను. ఇక మాటల్లేవు.

లుంబారాం వేలిముద్ర

ధాపూ, నాన్న మాట నిలబెట్టుకునేలా ఉన్నాడు. అక్షయ తృతీయ తరువాత మందను బయల్దేరదీయమన్నాడు. మాళ్వా పొలాల్లో నిన్ను తలుచుకుంటూ ఒంటెల వెనకాల నడవడం నాకు ఇష్టం లేదు. సిగ్గు విడిచి రాస్తున్నాను, నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఏదైనా చెయ్యి. నాకంటే తెలివైనదానివి నువ్వే.


నీమ్లీ నాడీ,
వైశాఖమాసం మొదట్లో

మామగారి పాదాలకు కోడలు ధాపూ నమస్కరించి రాయునది.

కోడలు మామగారితో మాట్లాడకూడదు. అందుకే ముసుగు మోకాళ్ళ దాకా లాక్కుని రాస్తున్నాను. ముసుగులోంచి కాగితం సరిగా కనిపించడం లేదు, తప్పులుంటే మన్నించండి. ఇది నాన్న రాయించింది కాదు, ఆయనకు తెలియదు కూడా.

బస్సు పై నుంచి గుడ్డ మూట మా గుమ్మం ముందు పడింది. నాన్న దాన్ని కాలితో కూడా ముట్టలేదు. తిరుగు బస్సుకు పంపడానికి కర్ర కోసం వెతుకుతున్నారు. నేను పెద్ద వంటపాత్ర పొయ్యి మీద పెట్టి, నీళ్ళు మసలబెట్టి, గుడ్డను అందులో ముంచేశాను.

మీకు ఎలా అనిపిస్తుందో తెలుసు. నాన్న అయితే పొయ్యి దగ్గరికి పరుగెత్తుకొచ్చి, 'మా అమ్మను ఉడకబెడుతున్నావే' అని తల పట్టుకుని కూలబడ్డారు. నీళ్ళు ముందు నల్లగా అయ్యాయి, తరువాత ఎర్రగా అయ్యాయి. మళ్ళీ మళ్ళీ నీళ్ళు మార్చాను. ఎండలో ఆరేశాక చూస్తే ఎరుపు పోయి గులాబీ రంగు తేలింది. కాని మామగారూ, అద్దాలు వెలుగుతున్నాయి. అవి అద్దాలని మాకెవరికీ ఇన్నాళ్ళూ తెలియలేదు, నల్లటి బిళ్ళలు అనుకున్నాం. మడత లోపల నాన్నమ్మ కుట్టిన ఒంటె బొమ్మలు బయటపడ్డాయి. ఒకదాని మీద ఇద్దరు పిల్లలు ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. దుప్పటి ఒకడి వైపుకే ఎక్కువ ఉంది.

నాన్న దాన్ని చాలాసేపు చూశారు. చూసి, 'చూశావా, మా అమ్మకు కూడా తెలుసు' అన్నారు. తరువాత లోపలికి వెళ్ళిపోయి ఏడ్చారు. బయటికి వచ్చి, గుడ్డ ఇక మా ఇంట్లోనే ఉంటుందని, ఎవరికీ ఇవ్వనని అన్నారు.

నేను ఇప్పిస్తాను మామగారూ. ఒక్క షరతు. ఈ గుడ్డ నన్ను ఎక్కించుకున్న ఒంటె మీదే ఈ గడప దాటుతుంది. నేను రాకుండా గుడ్డ రాదు. గజ్జి ఎవరిదన్న మాట ఎవరూ ఎత్తకూడదు, అది పొయ్యిలో పోయింది. నాన్నకు ఈ ఉత్తరం సంగతి చెప్పకండి.

మీ కోడలు


ధోళీ మగ్రీ,
వైశాఖమాసం

పూనా,

మా గుడ్డను నన్నడక్కుండా ఉతికారని విన్నాను. అది మాది. కానుకని నువ్వే రాయించావు, ఉత్తరం నా దగ్గరుంది. నా సొత్తు నేను తీసుకెళ్ళడానికి వస్తున్నాను. ఖాళీ చేతులతో వెళ్ళడం బాగుండదు కాబట్టి, మీ అమ్మాయిని కూడా తీసుకెళతాను. రొట్టెలు దండిగా చేయించు, నెయ్యి ఎక్కువ వేయించు.

లుంబారాం వేలిముద్ర


ధోళీ మగ్రీ,
జ్యేష్ఠమాసం

వియ్యంకులు పూనారాం బావగారికి లుంబారాం నమస్కారాలు.

ఇక్కడ మనుషులం బాగున్నాం. ఒంటెలు కూడా బాగుపడుతున్నాయి. మందంతటికీ బొచ్చు కత్తిరించాం, నూనె పూశాం, ఆరాక మళ్ళీ పూస్తున్నాం. రూప్లీ వీపు మీద కొత్త బొచ్చు పసిపిల్ల తలలా మొలిచింది. గజ్జి మందను మాళ్వా దారిలో ఏ ఊరూ నీళ్ళ దగ్గరికి రానివ్వదు కాబట్టి ఈ ఏడు ప్రయాణం మానేశాం. మా అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడు. వాడి మొహం చూస్తే, గజ్జి పురుగుకు గుడి కట్టించేలా ఉన్నాడు.

గుడ్డ మా గోడకు వేలాడుతోంది. ఎవరైనా పెళ్ళికి అడిగితే, వాళ్ళ ఒంటెను ముందు తెచ్చి చూపించమంటున్నాను.

లుంబారాం వేలిముద్ర

నాన్నా, ఇది ధాపూ. మామగారు చెబుతుంటే నేనే రాశాను. ఆయన నాతో నేరుగా మాట్లాడకూడదు కాబట్టి రూప్లీతో చెబుతున్నారు. 'ఏమే రూప్లీ, ఇలా రాయి' అంటారు, అది నమలడం ఆపి వింటుంది, నేను ముసుగులోంచి రాస్తాను. ఇక్కడ అందరూ మంచివాళ్ళే. నీ అల్లుడు కూడా.

కవరు అంటిస్తుంటే ఒక సంగతి తట్టింది. రాయడం, చదవడం వచ్చిన ఇద్దరమూ ఇక్కడే ఉన్నాం. నీ దగ్గర ఎవరున్నారు నాన్నా? ఈ ఉత్తరం నీకు ఎవరు చదువుతున్నారు? పొట్ట మీద దురద తగ్గిందా? అమ్మ రొట్టె పెడుతోందా?


నీమ్లీ నాడీ,
ఆషాఢమాసం

లుంబా,

ఈ ఉత్తరం కిరాణా కొట్టు జవేర్‌చంద్ సేఠ్ రాస్తున్నాడు. పప్పులూ ఉప్పులూ తప్ప మరేదీ రాయని చెయ్యి. నేను ఒక మాట చెబితే ఒక మాటే రాస్తాడు, పొదుపు మనిషి.

విషయం చాలా తీవ్రమైనది. పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు నీ ఒంటెను మా పందిట్లో కట్టేశావు. అది పందిరి నిండా రక్తం తాగే గోమార్లు రాల్చి పోయింది. వేరుశెనగ గింజల్లాంటి గోమార్లు. గోడల బీటల్లో ఉన్నాయి, మంచం పట్టెల్లో ఉన్నాయి. మా కోళ్ళు వాటిని తిని తిని నడవలేకపోతున్నాయి. మోతీ చెవుల్లో ఉన్న వాటిని నేనే రోజూ చేత్తో ఏరుతున్నాను. గోమార్లు మావి కావు. మా పందిరి నిప్పులాంటి పందిరి. ఇవి మీవి. ఒప్పుకుంటావా ఒప్పుకోవా, వెంటనే రాయించు.

నేనొచ్చి తేల్చుకుందామంటే కూతురింట నీళ్ళు కూడా తాగకూడదు. నాకు మిగిలింది ఉత్తరాలే.

సేఠ్ ఇక్కడ కలం ఆపి నన్ను చూస్తున్నాడు. ఎందుకంటే అతను మా పందిరి చూశాడు, గోమార్లు అసలు ఉన్నాయో లేదో అతనికి తెలుసు. నువ్వు రాయవయ్యా అన్నాను.

లుంబా, నాకు అక్షరం రాదు. కాని ఇసుక మీద అడుగు చూసి ఏ ఒంటె ఎటు పోయిందో, ఎక్కడ ఆగిందో, దేనికోసం ఆగిందో చెబుతాను, నీకు తెలుసు. ఆ పిల్ల నా పక్కన కూర్చుని రాసినన్నాళ్ళూ నేను కలం నడక చూశాను. నేను నాలుగు మాటలు చెబితే అది పేజీ దాటి వెళ్ళేది. నా వేలిముద్ర పడ్డాక కూడా ఆగేది కాదు. ఆ నడక ఎటు పోతోందో నాకు తెలియదనుకుంది. ఎదురుగా కూర్చుని, తెలియనట్టే పొట్ట గోక్కున్నాను. ఇప్పుడు ఇంట్లో కలం చప్పుడు లేదు. మా ఆవిడకూ నాకూ తోచడం లేదు.

కాబట్టి ఈ గోమార్ల సంగతి ఒక్క ఉత్తరంతో తేలదు. చాలా ఉత్తరాలు పడతాయి. నువ్వు కూడా గట్టిగా పోట్లాడు, తొందరగా ఒప్పుకోకు. జవాబు మాత్రం ధాపూ చేతే రాయించు. నువ్వు నాలుగు మాటలు చెప్పు చాలు. మిగతాది తను రాస్తుంది.

పూనారాం వేలిముద్ర